నీ ఎడిటర్ పలకలా ఉండాలమ్మా

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కోడ్ రాసే ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, కళ్లల్లో నీళ్లు అంటున్నావట. నువ్వు కోడ్ రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ ఫోటో పంపావు, అదీ చూశాను. చిక్కటి నలుపు మీద గులాబీ, నిమ్మపచ్చ, ఊదా, నారింజ, ఆకాశనీలం... లెక్కపెడితే పదకొండు రంగులు తేలాయి. అక్షరాలేమో చీమల బారులా ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని రాసి పంపుతున్నా. తీరిగ్గా చదువుకో.

రంగుల కన్నా ముందు కళ్ల పరీక్ష. మన ఇంట్లో మీ తాతకీ నాకూ సిలిండర్ పవర్ ఉంది, డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు. నీకూ ఉండొచ్చు. అది ఉన్నవాళ్లకి నల్లటి తెర మీద తెల్ల అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. చీకటి తెరని చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, దాంతో కంటిలో ఉన్న చిన్న లోపం కూడా బయటపడుతుంది. అద్దాలు కావాల్సిన కంటికి ఎడిటర్‌లో ఎంత మంచి థీమ్, అంటే రంగుల అమరిక, పెట్టినా లాభం లేదు. కాబట్టి ఈ ఉత్తరంలో మిగతావన్నీ తర్వాత చేసినా పర్వాలేదు, ఇది మాత్రం ఈ వారంలోనే అయిపోవాలి.

రెండోది, నువ్వు కూర్చునే చోటు. పొదిలి ఇంట్లో ముందుగదిలో వీధి తలుపు నీ వీపు వైపు ఉంటుంది. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా బయట ఎండ, లోపల నల్ల స్క్రీను. అప్పుడది అద్దం అయిపోతుంది. కోడ్ కన్నా నీ మొహం, వెనక వెళ్లే ఆటోలు ఎక్కువ కనిపిస్తాయి. బల్లని తిప్పి, తలుపు నీ పక్కకి వచ్చేట్టు వేసుకో. పగలు లైట్ థీమ్, దీపాలు పెట్టాక డార్క్ థీమ్ వాడు. కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి ఎడిటర్ తనే మారే ఏర్పాటు ఉంది, అది ఆన్ చేసుకో. డార్క్ థీమ్ అంటేనే ప్రోగ్రామర్ అన్న మాట మీ స్నేహితుల్లో ఉన్నట్టుంది. పట్టించుకోకు.

ఇక రంగులు. నీ అక్షరాభ్యాసానికి మార్కాపురం నుంచి రాతిపలక తెచ్చింది నేనే. చెక్క చట్రం, మూలల్లో చిన్న మేకులు. దాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆ రాయి నలుపు కాదు, బూడిద కలిసిన నలుపు. తడిగుడ్డ పెట్టి తుడిచినప్పుడే నల్లబడేది, ఆరగానే మళ్లీ బూడిదరంగుకి వచ్చేది. బలపం గీత కూడా పాలలాంటి తెలుపు కాదు. అయినా రోజంతా దాని మీద గుణింతాలు దిద్దినా ఏ పిల్లకీ కళ్లు మండలేదు.

నీ స్క్రీన్ మీద నలుపు పూర్తి నలుపు, తెలుపు పూర్తి తెలుపు. ఈ రెంటి మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా లెక్క, 21 వస్తుంది, అంతకన్నా ఎక్కువ సాధ్యం కాదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేట్టు ఉండాలని పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికి కనీసం 4.5 ఉండాలి, 7 ఉంటే ఇంకా మంచిది. రోజంతా చదివే కోడ్‌కి 7 నుంచి 14 మధ్యలో హాయిగా ఉంటుందని నా అనుభవం. డ్రాకులా అనే థీమ్ చూడు. దాని వెనక రంగు నలుపు కాదు: ఒక్కో రంగు పాలు 255కి లెక్కేస్తే ఎరుపు 40, పచ్చ 42, నీలం 54. మన పలకకి దగ్గర. అక్షరాలు కూడా పూర్తి తెలుపు కాదు, 248, 248, 242.

మెత్తగా ఉండాలన్నాను కదా అని మరీ మెత్తనివాటి జోలికి పోకు. 2011లో ఈథన్ స్కూనోవర్ చేసిన సోలరైజ్డ్ అనే థీమ్‌ని నేను చాలా ఏళ్లు వాడాను. పదహారు రంగులే, పగటికీ రాత్రికీ అవే రంగులు సరిపోయేట్టు లెక్కకట్టి చేశాడు. ఆ పనితనం అంటే నాకు గౌరవం. కానీ దాని లైట్ రకంలో మామూలు అక్షరాల కాంట్రాస్ట్ 4.5 కన్నా తక్కువ, కోడ్ పక్కన మనుషుల కోసం రాసే కామెంట్లకైతే 2.5 దగ్గర. యాభై దాటాక నాకది ఆనలేదు. నీ వయసుకి ఆనినా, చవక ల్యాప్‌టాప్ తెర మీద, పగటి వెలుతురులో నీకూ కష్టమే.

ఇప్పుడు ఆ పదకొండు రంగుల సంగతి. మీ అమ్మ వంటగట్టుకి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ వేయించుకుంది కదా. నల్లరాయిలో బంగారు చుక్కలు, ఎంత అందంగా ఉంటుందో! పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమె చేతిలోంచి మెంతుల డబ్బా జారింది. తెల్లరాయి అయితే ఒక్క చూపులో ఏరేసేది. ఆ గెలాక్సీ మీద ఏది మెంతిగింజో ఏది రాతి చుక్కో తెలియక, అరచేత్తో తడిమి తడిమి దగ్గరకి తీసింది. నేను పక్కనే నిలబడి చూశాను. నీ స్క్రీన్ ఫోటో చూడగానే నాకు ఆ గట్టే గుర్తొచ్చింది. వేరియబుల్‌కో రంగు, పారామీటర్‌కో రంగు, బ్రాకెట్టుకో రంగు, చివరికి కామాకి కూడా రంగు. అన్నీ మెరుస్తుంటే నీకు కావాల్సిన గింజ ఎలా దొరుకుతుంది?

రంగు ఎక్కడ పని చేస్తుందో చెబుతా. కోట్స్ మధ్య రాసే మాటలకి ఒక రంగు తప్పకుండా కావాలి. ఎందుకంటే మూసే కోట్ మర్చిపోయావనుకో, ఆ రంగు కట్ట తెగిన కాలవలా మిగతా కోడ్ మీదకి పారుతుంది. రన్ చేయకముందే తప్పు నీ కంటబడుతుంది. అంకెలకీ, మారని విలువలకీ ఒకటి. ఫంక్షన్, అంటే పేరు పెట్టుకున్న కోడ్ ముక్క, ఎక్కడ పుట్టిందో అక్కడ దాని పేరుకి ఒకటి, పిలిచిన ప్రతిచోటా అక్కర్లేదు. కామెంట్లకి ఒకటి. ఈ నాలుగూ చాలు, మిగతాదంతా మామూలు రంగులో ఉండనివ్వు. ఇఫ్, ఫర్, రిటర్న్ లాంటి మాటలకి అందరూ ముదురు రంగు పూస్తారు గానీ వాటిని ఎవరూ వెతకరు. ఈ దారిలోనే చేసిన థీమ్ ఒకటి ఉంది, పేరు అలబాస్టర్, చేసినాయన నికితా ప్రొకొపోవ్. పెట్టుకుని రెండు రోజులు చూడు. మొదటి రోజు బోసిగా అనిపిస్తుంది.

కామెంట్ల విషయంలో నాది గట్టి పట్టు. చాలా థీమ్‌లలో కామెంట్లని వెలిసిపోయిన బూడిదరంగులో పెడతారు, అవి ముఖ్యం కానట్టు. కోడ్ ఏం చేస్తుందో కోడే చెబుతుంది. ఎందుకలా చేయాల్సి వచ్చిందో ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పేది కామెంట్‌లోనే. "ఇక్కడ పైసలు రౌండ్ చేయొద్దు, పాత రసీదులతో తేడా వస్తుంది" అని ఎవరో నీ కోసం రాసిపెట్టి ఉంటారు. అది కనపడక నువ్వు రౌండ్ చేస్తావు. కామెంట్‌కి పసుపో, లేత నారింజో పెట్టు, చదవక తప్పనట్టు ఉండాలి. థీమ్ మొత్తం మార్చక్కర్లేదు, ఆ ఒక్క రంగునే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

రంగులు కుదిరాయో లేదో చూడ్డానికి నేను చేసేది ఇది: స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తాను. అప్పుడు కూడా ప్రతి అక్షరం చదవగలగాలి. ఎర్రగా ఉన్న లైను బూడిదలో కలిసిపోయిందంటే, ఆ రంగుకి మెరుపే తప్ప వెలుగు లేదని అర్థం. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగపిల్లలు ప్రతి ఆఫీసులో ఒకరిద్దరుంటారు. నువ్వు స్క్రీన్ షేర్ చేసి "ఈ ఎర్ర లైను తీసేశాను, పచ్చ లైను పెట్టాను" అంటే వాళ్లకి రెండూ ఒకటే. లైను నంబరు కూడా చెప్పే అలవాటు చేసుకో.

ఫాంట్ దగ్గరికి వద్దాం. ఇందులో నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా. నేను టైపు నేర్చుకున్న మిషన్ మీద ఒకటి అంకెకి మీటే లేదు. చిన్న ఎల్ కొట్టడమే. లోయర్, హయ్యర్ రెండూ అలాగే పాసయ్యాను, వేలికి అదే అలవాటైపోయింది. 1994లో ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారికి ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ప్రోగ్రామ్ రాశాను. లారీ వరుస నంబరుకి ఎల్ అని, అందులో బేలు వరుస నంబరుకి ఎన్ అని పేరు పెట్టాను. బేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టే చోట "ఎన్‌కి ఒకటి కలుపు" అని రాయబోయి, వేలి అలవాటు కొద్దీ ఎల్ కొట్టాను. మొదటి లారీ లెక్క సరిగ్గా వచ్చింది, ఎల్ విలువ ఒకటే కదా. రెండో లారీకి ఎల్ రెండైంది, ఒక బేలు వదిలి ఒక బేలు లెక్కపెట్టింది. సగం సరుకు మాయం. గుమాస్తా మీద అనుమానం పడ్డారు, ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండు రాత్రులు ఆ పచ్చ అక్షరాల మానిటర్ ముందు కూర్చుని అదే లైను వందసార్లు చదివాను. పక్కనే మళ్లీ ఒకటి కొట్టి చూస్తే గానీ తేడా తెలియలేదు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని ఏ ఫాంట్ పెట్టినా ముందు ఒక ఖాళీ ఫైల్‌లో ఇవి కొట్టు: సున్నా, పెద్ద ఓ; ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ; ఆర్, ఎన్ పక్కపక్కన, దాని కింద ఎమ్; తర్వాత ఫుల్‌స్టాప్, కామా, కోలన్, సెమీకోలన్; చివర్లో పూల బ్రాకెట్, మామూలు బ్రాకెట్. కుర్చీ అడుగు వెనక్కి జరుపుకుని చూడు. ఏ జతైనా ఒకటిగా అనిపిస్తే ఆ ఫాంట్ నీకు వద్దు. నువ్వు వాడుతున్న కొరియర్ న్యూ అలాంటిదే. కొరియర్‌ని 1950లలో హోవర్డ్ కెట్లర్ ఐబీఎమ్ టైప్‌రైటర్ల కోసం గీశాడు. రిబ్బన్ సిరా కాగితం మీద పరుచుకుంటే ఆ అక్షరం నిండుగా ఉండేది. కొరియర్ న్యూ గీతలు స్క్రీన్ మీద వెంట్రుకల్లా పడతాయి. సున్నాలో గీతా లేదు, చుక్కా లేదు.

విండోస్‌తో వచ్చే కన్సొలాస్ మంచిది, సున్నాలో అడ్డగీత ఉంటుంది. అడోబీ 2012లో ఇచ్చిన సోర్స్ కోడ్ ప్రోలో సున్నా మధ్య చుక్క ఉంటుంది. 2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనోలో చిన్న అక్షరాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి అదే సైజులో పెద్దగా కనిపిస్తాయి. నీకు నేను చెప్పేది ఈ ఫాంటే. సైజు 14 దగ్గర ఉండిపోకు, 16కి పెంచు. ఒక లైనులో పట్టే మాటలు తగ్గుతాయి, అదీ మంచిదే. రెండు గుర్తులని కలిపి ఒకే బొమ్మగా చూపించే లిగేచర్లు అందంగానే ఉంటాయి గానీ నీకు ఈ ఏడాది వద్దు. ఆశ్చర్యార్థకం, సమానం గుర్తు నువ్వు విడివిడిగా కొట్టావు, విడివిడిగానే కనిపించాలి.

నీ ప్రాజెక్టులో రైతులకి వెళ్లే మెసేజ్‌లు తెలుగులో ఉన్నాయన్నావు. అక్కడ ఇంకో చిక్కుంది. ఈ కోడింగ్ ఫాంట్లలో తెలుగు ఉండదు, ఎడిటర్ తనకి దొరికిన ఏదో ఫాంట్ తెచ్చి అతికిస్తుంది. ఫాంట్ల వరసలో ముందు ఇంగ్లీషుది రాసి, కామా పెట్టి, నోటో సాన్స్ తెలుగు అని నువ్వే రాసెయ్. లైను ఎత్తు కూడా పెంచు. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుంటుంది, మనదానికి పైన గుడి, కింద ఒత్తు. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు వస్తాయి. 16 సైజుకి లైను ఎత్తు 28 దాకా ఇస్తే గానీ ఆ ఒత్తులు కింది లైనుకి తగలకుండా ఉండవు. తెలుగు మాటలని ఇంగ్లీషు కోడ్‌లా నిలువు వరసల్లో సర్దాలని చూడకు, మన అక్షరాల వెడల్పు ఒకటి కాదు, కుదరదు.

ఇంకొకటి. "కందుకూరు"లో సున్న అక్షరం వేరు, తెలుగు అంకెల్లో సున్నా వేరు, ఇంగ్లీషు చిన్న ఓ వేరు. మూడూ గుండ్రంగానే ఉంటాయి. ఎవరో ఒకదాని బదులు ఒకటి కొట్టిన ఊరి పేరు నీ దగ్గరికి వస్తుంది, వెతికితే దొరకదు. కంటికి కనపడని అక్షరాలని, ఒకదానిలా ఇంకొకటి కనిపించేవాటిని డబ్బా గీసి చూపించే సౌకర్యం ఎడిటర్‌లో ఉంది. చిరాకుగా ఉందని దాన్ని ఆపేయకు. తెలుగు మాటల చుట్టూ డబ్బాలు మరీ ఎక్కువ వస్తే, అక్కర్లేని వాటికి మాత్రం మినహాయింపు ఇచ్చుకో.

ఇవన్నీ ఒక్క ఆదివారం కూర్చుని చేసెయ్. తర్వాత నెల రోజులు ముట్టుకోవద్దు. కంటికి చోట్లు అలవాటవ్వాలి, వారానికో థీమ్ మారిస్తే ఆ అలవాటు కుదరదు.

ఒంగోలులో కంటి డాక్టర్ దగ్గర శనివారం పదకొండింటికి నీ పేరు రాయించాను. పొద్దున ఏడింటి బస్సెక్కు, చీమకుర్తి దాటాక ఫోన్ చేస్తే స్టాండుకి వస్తాను. పరీక్షకి కంట్లో చుక్కలు వేస్తారు, ఆ రోజుకి స్క్రీన్ చూడలేవు కాబట్టి శుక్రవారమే పని తెముల్చుకో. ల్యాప్‌టాప్ మాత్రం తెచ్చుకో, ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చుని సర్దుదాం. పెద్దమ్మ నీకోసం ఉలవచారు కాస్తానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న