రోజులా, పగళ్లా? 27వ రాత్రి ఎప్పుడు?

సందేహం: ‘రంజాన్ చివరి పది రాత్రులు శ్రేష్ఠమైనవా, హజ్ నెల అయిన జుల్‌హిజ్జా మొదటి పది రోజులు శ్రేష్ఠమైనవా’ అన్న చర్చను ఒక తెలుగు వ్యాసంలో చదివాను. రోజు అంటే రాత్రి కూడా కలిసిన 24 గంటలు కదా, రాత్రులను రోజులతో పోల్చడం ఎలా కుదురుతుంది? అదే వ్యాసంలో ‘రంజాన్ 27వ రోజు రాత్రి షబే ఖద్ర్ రాత్రి, అది వెయ్యి నెలలకు సమానం’ అని రాశారు. ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: మీ మొదటి ప్రశ్న చాలా విలువైనది. తెలుగులో ‘రోజు’కు రెండు కొలతలున్నాయి. ‘పది రోజుల పసిబిడ్డ’ అన్నప్పుడు రాత్రులూ లెక్కలోకి వస్తాయి. ‘రోజంతా పనిచేసి రాత్రికి ఇల్లు చేరాడు’ అన్నప్పుడు రోజంటే పగలే. అరబ్బీలో ‘యౌమ్’ కూడా ఇలాగే రెండు విధాలా నడుస్తుంది. ఖురాన్‌లో జకరియ్యా ప్రవక్త వృత్తాంతం చూడండి. ఆయన ప్రజలతో మాట్లాడలేకపోయే గడువును ఆలి ఇమ్రాన్ సూరా (అధ్యాయం) మూడు రోజులని చెబుతుంది, మర్యం సూరా మూడు రాత్రులని చెబుతుంది. గడువు ఒక్కటే. రోజులన్నా రాత్రులు కలిసే ఉన్నాయి, రాత్రులన్నా పగళ్లు కలిసే ఉన్నాయి. ఫజ్ర్ సూరా ఆరంభంలో ‘పది రాత్రుల’ మీద ప్రమాణం ఉంది. ఎక్కువమంది వ్యాఖ్యాతలు వాటిని జుల్‌హిజ్జా మొదటి పది దినాలుగా గ్రహించడానికి భాష అడ్డు రాలేదంటే కారణం ఇదే.

అయితే మీరు చదివిన చర్చలో మాత్రం పగలూ రాత్రీ విడివిడిగా నిలబడతాయి. ఈ ప్రశ్నకు ఇస్లామీయ పండితుడు ఇబ్ను తైమియా (1263–1328) ఇచ్చిన తీర్పు ప్రసిద్ధం: పగళ్లలో జుల్‌హిజ్జా పది పగళ్లు మేలు, రాత్రుల్లో రంజాన్ చివరి పది రాత్రులు మేలు. ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిం దీన్ని వివరించాడు. జుల్‌హిజ్జా పగళ్లలో ఎనిమిదిన హజ్ విధులు మొదలయ్యే తర్వియా, తొమ్మిదిన హాజీలు అరఫాత్ మైదానంలో నిలిచే అరఫా, పదిన ఖుర్బానీ దినం ఉన్నాయి. రంజాన్ రాత్రుల్లో లైలతుల్ ఖద్ర్, అంటే మీరడిగిన షబే ఖద్ర్, ఉంది. ఎంత చక్కని తీర్పో గమనించండి: ఏ పదికీ గౌరవం తగ్గలేదు, దేని గొప్పతనం దానికే దక్కింది. ఇంత స్పష్టమైన మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘రోజులు’ అని రాస్తే 24 గంటల అర్థం చొరబడి తీర్పు మసకబారుతుంది. ఇక్కడ రాయాల్సింది ‘పగళ్లు’. ఉన్న మంచి మాటను వదిలి సందిగ్ధమైన మాటను ఎత్తుకోవడం ఎందుకు?

ఇక ‘27వ రోజు రాత్రి’. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ, నమ్మి జాగారం చేసేవారికి ఏకంగా ఒక రాత్రి తప్పిపోతుంది. మన వాడుకలో ‘శనివారం రాత్రి’ అంటే శనివారం పగలు గడిచాక వచ్చేది. ఇస్లామీయ గణనలో సూర్యాస్తమయంతో కొత్త తేదీ మొదలవుతుంది. రాత్రి ముందు, పగలు తరువాత. నెలవంక కనబడిన రాత్రే రంజాన్ ప్రత్యేక రాత్రి నమాజులైన తరావీహ్ మొదలై, తొలి ఉపవాసం మర్నాడు వస్తుంది. చివరి పది దినాలు ఏతెకాఫ్ (మసీదులోనే ఉండి ఆరాధన) పాటించేవారు 20వ ఉపవాసం నాడు పొద్దు గుంకకముందే మసీదుకు చేరుకుంటారు, ఎందుకంటే అస్తమయంతో 21వ రాత్రి వచ్చేస్తుంది. ఈ లెక్కన 27వ రాత్రి అంటే 26వ ఉపవాసం విరమించిన సాయంత్రం మొదలయ్యేది. ‘27వ రోజు రాత్రి’ అని చదివిన తెలుగు పాఠకుడు 27వ ఉపవాసం ముగిశాక మేలుకుంటాడు. అప్పటికి వచ్చేది 28వ రాత్రి.

ఈ గణన ఉర్దూలో ఒక వారం పేరులోనే నిలిచిపోయింది. గురువారాన్ని ‘జుమేరాత్’ అంటారు. జుమా అంటే శుక్రవారం, రాత్ అంటే రాత్రి. శుక్రవారపు రాత్రి గురువారం సాయంత్రమే మొదలవుతుంది కాబట్టి ఆ వారానికే ఆ పేరు స్థిరపడింది. హజ్ విధుల్లో మాత్రం ఒక మినహాయింపు ఉంది. అరఫాత్ మైదానంలో నిలిచే విధికి తొమ్మిదో తేదీ పగటితో పాటు ఆ తరువాతి రాత్రి కూడా, పదో తేదీ తెల్లవారేదాకా చెల్లుతుంది. అక్కడ రాత్రి తన ముందున్న పగటిని అనుసరిస్తుంది.

‘షబే ఖద్ర్ రాత్రి’లో పునరుక్తి ఉంది, షబ్ అంటేనే రాత్రి. వాడుకలో క్షమించవచ్చు, రాతలో ‘షబే ఖద్ర్’ చాలు.

‘వెయ్యి నెలలకు సమానం’ అన్నదాన్ని మాత్రం నేను క్షమించలేను. ఖద్ర్ సూరా ఆ రాత్రి వెయ్యి నెలల కంటే మేలైనదని అంటుంది. వెయ్యి నెలలంటే 83 సంవత్సరాల 4 నెలలు. ‘సమానం’ అనగానే ఘనత అక్కడికి ఆగిపోతుంది. ‘కంటే మేలు’ అంటే ఎంత మేలో హద్దు చెప్పలేదు. మూలం తెరిచి ఉంచిన తలుపును అనువాదం మూసేయకూడదు.

మరొక జాగ్రత్త. సూర్యుడు ఉదయించిన దినాల్లో ఉత్తమమైనది శుక్రవారమని ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసు (ప్రవక్త ప్రవచనాల) సంకలనంలో ఉంది. అరఫా దినమే ఉత్తమమని కొందరు పండితులు, ఖుర్బానీ దినమని మరికొందరు అంటారు. ‘అన్ని దినాల్లోకెల్లా’ అని ఊరక రాస్తే ఇవన్నీ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నట్టు ఉంటుంది. శుక్రవారాన్ని ‘వారంలోకెల్లా’ అనీ, మిగతా రెండింటినీ ‘ఏడాదిలోకెల్లా’ అనీ పరిధి చెప్పి రాస్తే శుక్రవారానికి వాటితో పేచీ ఉండదు. పండితులు సమన్వయించిందీ ఇలాగే. ఆ రెండింటి మధ్య ఏది అన్నది వారి చర్చ. తెలుగు రాసేవారు అభిప్రాయభేదం ఉందని చెబితే చాలు.

మీరిచ్చిన వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: ‘వెయ్యి నెలల కంటే మేలైన షబే ఖద్ర్‌ను రంజాన్ 27వ రాత్రి, అంటే 26వ ఉపవాసం విరమించిన సాయంత్రం నుంచి, ఎక్కువమంది ఆచరిస్తారు.’ ‘ఆచరిస్తారు’ అన్న క్రియను కావాలనే ఎంచుకున్నాను. ఆ రాత్రిని చివరి పదిలోని బేసి రాత్రుల్లో, అంటే 21, 23, 25, 27, 29లలో వెతకమని హదీసు. 27వదేనని ప్రవక్త సహచరుడు ఉబై ఇబ్ను కాబ్ గట్టిగా చెప్పిన మాట ఉన్నా, అందరూ దాన్నే ఖాయం చేయలేదు. ‘27వ రాత్రే షబే ఖద్ర్’ అని తేల్చి రాస్తే మిగిలిన నాలుగు రాత్రుల వెతుకులాటను పాఠకుడి చేతిలోంచి లాగేసుకున్నట్టే.