చిన్న ఫ్యాక్టరీ పనికి వర్క్ ప్యాకేజీల పద్ధతి అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక మందుల ఫ్యాక్టరీలో కొత్త బాయిలరు, దాని స్టీమ్ లైన్లు. 40 మంది పనివాళ్లు, 4 నెలల గడువు. మీ మేనేజరు శిక్షణకు వెళ్లివచ్చి, అడ్వాన్స్‌డ్ వర్క్ ప్యాకేజింగ్ (పనిని చిన్న ప్యాకేజీలుగా కోసి, ఒక్కోదానికి కావలసినవన్నీ ముందే సిద్ధం చేసుకునే పద్ధతి) అమలు చేద్దామంటున్నారు. ఇంత చిన్న పనికి అది కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అవుతుందేమోనని మీ అనుమానం.

నేను పైపింగ్, మెకానికల్ పనుల్లో 18 ఏళ్లుగా ఉన్నాను. ఎక్కువగా చేసినవి మీ పనిలాంటి చిన్నవే. నా అనుభవంలో ఆ పద్ధతిలో పదో వంతు చాలు. ఆ పదో వంతును మాత్రం వదలకూడదు.

ఈ పద్ధతి పుట్టింది కెనడాలోని అల్బర్టాలో, తారు ఇసుక నుంచి చమురు తీసే భారీ ప్రాజెక్టుల్లో. అక్కడి నిర్మాణ యజమానుల సంఘం దీన్ని వర్క్‌ఫేస్ ప్లానింగ్ పేరుతో మొదలుపెట్టింది. తరువాత అమెరికాలోని కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ ఇన్‌స్టిట్యూట్ కూడా చేయి కలిపి, డిజైన్ నుంచి కమిషనింగ్ (ప్లాంటును పరీక్షించి నడపడం మొదలుపెట్టడం) దాకా విస్తరించింది. వేల మంది పనిచేసే సైట్ల కోసం రాసుకున్నది కాబట్టి అందులో ప్రత్యేక ప్లానర్లు, కోడ్ నంబర్లు, సాఫ్ట్‌వేర్లు అన్నీ ఉంటాయి. వాటి అడుగున ఉన్నవి రెండే మాటలు. సైటులో ఏది ముందు కట్టాలో తేల్చుకుని, డ్రాయింగులు, కొనుగోళ్లు ఆ వరుసలో నడపాలి. అవసరమైనవన్నీ చేతికి అందేదాకా ఏ గ్యాంగుకూ పని అప్పగించకూడదు.

రెండో మాట నాకు ఎలా ఒంటబట్టిందో చెబుతాను. ఒక పనిలో 6 అంగుళాల స్టీమ్ లైను బిగిస్తున్నాం. బార్ చార్టులో అంతా పచ్చగా ఉంది. స్టోరు రిజిస్టరులో గాస్కెట్లు (పైపుల అతుకుల మధ్య ఆవిరి కారకుండా పెట్టే రింగులు) వచ్చినట్టు రాసి ఉంది. ఉదయం హైడ్రా (చక్రాల మీద తిరిగే చిన్న క్రేను) వచ్చింది, పరంజా సిద్ధం, పర్మిట్ చేతిలో ఉంది. ఫిట్టరు పైకెక్కి గాస్కెట్ పెట్టబోతే అది బోల్టుల మధ్య నిలవదు, పక్కకు జారిపోతుంది. చూస్తే మా ఫ్లాంజులు (పైపు చివర బోల్టులు బిగించే చక్రాలు) 300 క్లాసు, అంటే ఎక్కువ పీడనానికి; వచ్చిన గాస్కెట్లు తక్కువ పీడనానికి వాడే 150 క్లాసు. బయటి రింగు చిన్నది. సరైనవి వచ్చేదాకా 14 మంది ఒకటిన్నర రోజు నీడలో కూర్చున్నారు. అంటే 21 పనిదినాలు పోయాయి. హైడ్రా అద్దె దీనికి అదనం. ఆ గాస్కెట్లన్నీ కలిపినా ఆ 14 మంది ఒకరోజు కూలికి సరితూగవు.

పెద్ద సైటులో అయితే ఆ గ్యాంగును పక్క పైపు ర్యాకు మీదికి మళ్లిస్తారు. చిన్న పనిలో పక్క ర్యాకు అంటూ ఉండదు. రెండు రోజులు ఖాళీగా కూర్చోబెడితే గ్యాంగు మేస్త్రీ మర్యాదగానే నమస్కారం పెట్టి ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తాడు. మళ్లీ కనిపించేది పది రోజుల తరువాతే. అందుకే చిన్న పనికి ప్లానింగ్ అక్కర్లేదన్న మాటతో నేను ఏకీభవించను. దెబ్బ తట్టుకునే వెసులుబాటు తక్కువ ఉన్నది ఇక్కడే.

తరువాతి పనిలో, ఒక సాల్వెంట్ రికవరీ విభాగం విస్తరణ, మొత్తాన్ని 23 ప్యాకేజీలుగా కోశాను. ఒక్కో ప్యాకేజీ ఒక గ్యాంగుకు ఒక వారం పని. పెద్ద ప్రాజెక్టులకు సాధారణంగా చెప్పే కొలత 500 నుంచి 1000 పనిగంటలు. ఆరుగురి గ్యాంగు, రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులు అంటే నాకు వచ్చింది 288. ఆ పెద్ద అంకె కోసం ప్యాకేజీలను సాగదీస్తే నెలాఖరుకు గానీ ఏది ఆగిందో తెలియదు. ఒక్కో ప్యాకేజీకి ఒకే ఒక్క కాగితం. డ్రాయింగు, సామాను, పరంజా, క్రేను, పర్మిట్, తనిఖీ, ముందు పూర్తికావలసిన పని. ఒక్కోదాని పక్కన గడి, దాన్ని చూసి టిక్కు పెట్టిన మనిషి సంతకం. ఫోనులో విని పెట్టిన టిక్కు చెల్లదు.

ఈ కథలో అసలు హీరో స్టోర్‌కీపరు. ప్రతి ప్యాకేజీ సామాను విడిగా గోనెసంచిలో వేసి, నంబరు రాసిన రేకు ముక్క కట్టేవాడు. బోల్టు, నట్టు, గాస్కెట్ అన్నీ అందులోనే. సంచి నిండకపోతే ఆ ప్యాకేజీ విడుదల కాదు. మొదట్లో ‘మాకేమైనా కిరాణా దుకాణమా?’ అని గొణిగాడు. మూడో వారానికి, ఏది లోటో నాకన్నా ముందు తనే చెప్పడం మొదలుపెట్టాడు.

మీది బాయిలరు పని కాబట్టి ఒక హెచ్చరిక. ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కిందికి వచ్చే లైన్లో వాల్వు గేటు దాటి లోపలికి వస్తే చాలదు. దాని ఫారం 3-సి ధ్రువపత్రం కూడా రావాలి. కాగితం రాని వాల్వును నేను రాని వాల్వు కిందే లెక్కవేస్తాను. మీరు వరుస వేసుకోవలసింది కూడా ఇన్‌స్పెక్టరు ముందు జరిగే హైడ్రో టెస్టు (లైన్లలో నీళ్లు నింపి పీడనం పెట్టి చూసే పరీక్ష) తేదీ నుంచి వెనక్కి. ఏ లూపు (కలిపి ఒకేసారి టెస్టు చేసే లైన్ల భాగం) ముందు టెస్టుకు వెళ్లాలో తేలితే ఏ స్పూలు (ముందే తయారుచేసే పైపు ముక్క) ముందు వెల్డింగ్ కావాలో అదే తేలుతుంది. మనవాళ్లు తరచూ సులువైన పొడుగు పైపులు ముందు వేసేసి ‘80 శాతం అయింది’ అంటారు. గాలి వదిలే వెంట్లు, నీళ్లు వదిలే డ్రెయిన్లు, సపోర్టులు మిగిలిపోయి ఒక్క లూపూ టెస్టుకు సిద్ధంగా ఉండదు.

వారం మధ్యలో ఒక సమావేశం పెట్టండి, 20 నిమిషాలకు మించకుండా. మేము గురువారం సాయంత్రం పెట్టేవాళ్లం. వచ్చే వారం ఏమి పూర్తిచేస్తారో మేస్త్రీలే చెప్పాలి, మీరు చెప్పి తలూపించకూడదు. ఇది గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి నుంచి నేను తెచ్చుకున్న ముక్క. ఇచ్చిన మాటల్లో ఎన్ని నెరవేరాయో లెక్కపెట్టడం కూడా అందులోదే. మా మొదటి వారం లెక్క 9 కి 4. మా ప్రాజెక్టు మేనేజరు ఆ అంకె పట్టుకుని మేస్త్రీలను నిలదీశారు. మరుసటి వారం అందరూ తేలిక పనులే ఒప్పుకున్నారు, అంకె 100 శాతానికి ఎగబాకింది, పని మాత్రం కదల్లేదు. ఆ అంకెను బోర్డు మీద నుంచి తీయించి, ఎందుకు ఆగిందన్న కారణాలు మాత్రమే రాయడం మొదలుపెట్టాకే మేస్త్రీలు నిజం చెప్పారు. కారణాల్లో సగానికి పైగా మావే తప్ప వాళ్లవి కావు.

సాఫ్ట్‌వేరు కొనకండి, ఎక్సెల్ చాలు. విడిగా ప్లానరూ అక్కర్లేదు, కానీ ఈ పని ఫలానా మనిషిదని పేరు పెట్టండి. మీ పరిమాణానికి రోజుకు గంటన్నర పడుతుంది.

ఒక్కచోట మాత్రం ఈ కాగితాలేవీ నన్ను కాపాడలేదు. ఆ రికవరీ పనిలోనే ఒక పరికరం పునాదిలో యాంకర్ బోల్టులు ప్రాథమిక డ్రాయింగు చూసి నిలబెట్టి కాంక్రీటు పోశాం. తయారీదారు తుది డ్రాయింగు తరువాత వచ్చింది, బోల్టుల మధ్య దూరం 40 మిల్లీమీటర్లు మారింది. గడిలో ‘డ్రాయింగు ఉంది’ అని టిక్కు పెట్టింది నేనే. అప్పటినుంచి ఆ గడి పక్కన సవరణ నంబరు, ‘నిర్మాణానికి విడుదల’ ముద్ర ఉందా లేదా అన్న రెండు గడులు అదనంగా చేర్చాను. మీ బాయిలరు పునాది ఇంకా పోయలేదంటే, చేతిలో ఉన్న డ్రాయింగు మీద ఏ ముద్ర ఉందో ఇవాళే చూడండి.