డి విటమిన్ 60 వేల మాత్ర రోజూ వేసుకోవచ్చా?

వద్దండీ, అస్సలు వద్దు. 8 వారాల కోర్సు అయిపోయినా ఒళ్ళు నొప్పులు తగ్గలేదు, విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది, రోజూ వేసుకుంటే త్వరగా తగ్గుతుందేమో అని అడిగారు. మూత్రంలో పోయేవి సి, బి రకాలు. వాటిలోనూ బి6 మోతాదు మించి నెలల తరబడి మింగితే కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కి నరాలు దెబ్బతింటాయి, అది వేరే కథ. డి మాత్రం కొవ్వులో చేరి ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది.

మనిషికి రోజుకి కావలసింది 600 యూనిట్లు, కాస్త వయసు మీద పడితే 800. డాక్టరు చెప్పకుండా 4,000 దాటొద్దంటారు. మీ చేతిలో ఉన్న ఒక్క మాత్రలో 60,000! అందుకే లోపం ఉన్నవాళ్ళకి కూడా వారానికొకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు.

మా మామయ్యకి ఇలాగే అయింది. చీటీలో వారానికొకటి అనే ఉంది, కానీ మందుల షాపతను కవరు మీద పొద్దున ఒకటి అని గీసిచ్చాడు. ఆయనేమో బీపీ మాత్రతో పాటు దాన్నీ రోజువారీ డబ్బాలో సర్దేసుకున్నారు. అయిపోయినప్పుడల్లా అదే చీటీ చూపించి మళ్ళీ తెచ్చుకున్నారు, ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి మలబద్ధకం, అన్నం చూస్తే వికారం, ఎన్ని నీళ్ళు తాగినా నోరు పిడచగట్టుకుపోవడం, రాత్రంతా బాత్రూంకి తిరగడం. అందరం షుగరే అనుకున్నాం, టెస్టు చేయిస్తే షుగర్ మామూలుగానే ఉంది. తర్వాత మాట తడబడి, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టడానికి కూడా తికమక పడుతుంటే ఆస్పత్రిలో చేర్చాం. రక్తంలో కాల్షియం 8.5 నుంచి 10.5 మధ్య ఉండాల్సింది 13 దాటింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. డి ఎక్కువైతే పేగులు తిండిలోని కాల్షియాన్ని మరీ ఎక్కువగా లాగేస్తాయట, ఆ భారమంతా కిడ్నీల మీద పడుతుంది. పైగా ఆయన బీపీ మాత్రలో ఉన్న థయజైడ్ అనే మందు కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వదు, విడిగా కాల్షియం బిళ్ళలు కూడా మింగుతున్నారాయె.

సెలైన్లు, స్టెరాయిడ్లు పెట్టాక కాల్షియం దిగింది. డి మాత్రం మాత్రలు మానేసినా నెలల తరబడి దిగలేదు, అన్నాళ్ళూ రక్తపరీక్షలకి తిరుగుతూనే ఉన్నాం.

మోకాళ్ళ నొప్పులని ఊళ్ళో 6 లక్షల యూనిట్ల ఇంజక్షన్ పొడిపించుకుని, అది చాలదన్నట్టు పైన మాత్రలు వాడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి చెప్పినా వినరు, "బలానికే కదా" అంటారు.

మీరు మాత్ర ఆపి, 25 హైడ్రాక్సీ విటమిన్ డి (రక్తంలో డి ఎంతుందో చెప్పే పరీక్ష), కాల్షియం, క్రియాటినిన్ చేయించండి. డి 30 దాటి ఉంటే మీ నొప్పులకి కారణం వేరే ఎక్కడో ఉన్నట్టే, థైరాయిడ్ కూడా చూపించుకోండి. ఎండలో ఎంతసేపు నిలబడినా డి మితిమీరదు, ఎక్కువైనదాన్ని చర్మమే విరిచేస్తుంది, కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు. బీపీ మాత్ర వాడుతుంటే పేరు చివర హెచ్ ఉందేమో చూడండి, చాలావాటిలో ఆ హెచ్ అంటే థయజైడే. ఉంటే ఆ స్ట్రిప్పు కూడా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.