నాన్న ఉండగానే చావు ఖర్చు లెక్క వేసుకోవడం తప్పా? (శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె)

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, నాన్నగారు ఊళ్ళో మంచం మీద ఉన్నారు, డాక్టరు ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అన్నారు. ఏమేం చూసుకోవాలి, ఎంత చేతిలో పెట్టుకోవాలి అని అడుగుతూనే, ఇలా అడగడం పాపమేమో అని కూడా రాశారు. పాపం కాదండీ. 2023 డిసెంబరులో మా నాన్న పోయేదాకా నేను ఎవరినీ ఏమీ అడగలేదు. దాంతో ఎదుటివాడు ఎంత చెబితే అదే రేటయింది. మాది ఆమదాలవలస వైపు పల్లె.

మా నాన్న విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పోయారు. రాత్రి రెండు గంటలకు గేటు దగ్గరి బండి అతను ఊరికి 14,000 అన్నాడు. బేరం ఆడే పరిస్థితిలో నేను లేను. మా బావ పక్కకెళ్ళి వేరే బండి మాట్లాడితే 9,000కి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో పోతే ఇంటిదాకా మహాప్రస్థానం బండి ఉచితం, అక్కడ ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. ఇంకో మాట. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. గట్టిగా అడగండి.

మీ నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి బండి గొడవ మీకు ఉండకపోవచ్చు. మీకు ముఖ్యం ఐస్ బాక్స్, ఎందుకంటే హైదరాబాద్ నుంచి మీరు చేరేదాకా ఉంచాలి. చాలా ఊళ్ళలో దాతలు కొనిచ్చిన బాక్స్ పంచాయతీలోనో గుడి దగ్గరో ఉంటుంది. మీ ఊళ్ళో ఉందా, పనిచేస్తోందా అని ఇప్పుడే ఎవరితోనైనా చూపించండి. మాకు అద్దెది తెస్తే రెండు రోజులకు 5,000 అయింది, మధ్యలో కరెంటు పోయి ఇంకో టెన్షన్.

దహనం రోజు ఖర్చు నేను భయపడినంత కాలేదు. సరుగుడు, మామిడి కట్టెలకు 7,000. పాడె ఊరివాళ్ళే కట్టారు, వెదుళ్ళకూ కొత్తబట్టకూ కుండలకూ కలిపి 1,500. డప్పులకు 4,000, కాటి దగ్గర పనిచేసినవాళ్ళకు 3,000, పూలూ పేలాలూ చిల్లరా 2,500. బండితో, బాక్సుతో కలిపి మొత్తం 32,000. ఊరూరికీ తేడా ఉంటుంది, వానాకాలమైతే ఎండు కట్టెలకే రేటు పెరుగుతుంది. చితి అంటుకోవడం లేదని పెట్రోలు మాత్రం పోయనివ్వకండి. మా చిన్నాన్న కొడుకు పోయబోయి కనుబొమ్మలు కాల్చుకున్నాడు. కర్పూరం, నెయ్యి, పంచదార ఎక్కువ తెప్పించుకోండి, చాలు. మీలో ఖననం ఆచారమైతే గొయ్యి తవ్వే మనుషుల కూలితో దాదాపు సరిపోతుంది.

అసలు ఖర్చు పెదకర్మ. మాకు 400 మంది భోజనాలు, షామియానా, పురోహితుడి దానాలు, ఆడపడుచులకు బట్టలు అన్నీ కలిసి 1,10,000 దాటింది. దారిలో పాడె దించే దింపుడు కళ్ళం దగ్గర నాన్న చెవిలో మూడుసార్లు పిలిచి, ఇంటికొచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోకముందే మా పెదనాన్న "ఫలానా వాళ్ళు 600 మందికి పెట్టారు, మనం తగ్గితే ఎలా" అని మొదలుపెట్టారు. ఆ క్షణంలో కొడుకు కాదనలేడు. అందుకే మీ తరఫున కాదనగల మనిషి ఒకరు కావాలి. మాకు అమ్మ తమ్ముడు, మా మావయ్య, డబ్బంతా తన దగ్గర పెట్టుకుని నోటుపుస్తకంలో రాశారు. ఎవరు ఏం అడిగినా "వాణ్ణి అడక్కు, నన్నడుగు" అన్నారు. ఆయనే లేకపోతే లెక్క రెండు లక్షలు దాటేది. మీ మేనమామతోనో బావగారితోనో ఇప్పుడే మాట్లాడి, ఇంతకు మించి వద్దని అంకె చెప్పేయండి. అప్పు చేసి దినం పెట్టిన ఇళ్ళు మా ఊళ్ళోనే చూశాను, మూడేళ్ళు వడ్డీ కట్టారు.

కాగితాల సంగతి. మరణాన్ని జరిగిన చోటే నమోదు చేయాలి. నాకు తెలియక మా గ్రామ సచివాలయానికి వెళ్తే, విశాఖలో పోయారు కాబట్టి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లోనే అన్నారు. తీరా ఆసుపత్రివాళ్ళు పంపిన వివరాల్లో ఇంటిపేరు తప్పు పడింది, దాని కోసం నాలుగుసార్లు తిరిగాను. పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఇంట్లో పోతే ఇంటివాళ్ళే 21 రోజుల్లోపు చెప్పాలి, అప్పటివరకు రుసుము లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. ధ్రువపత్రం కాపీలు పది తీసుకోండి, బ్యాంకుకూ భూమి కాగితాలకూ అన్నిటికీ అడుగుతారు. బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కట్ అయినట్టు ఉందేమో చూడండి. ఉంటే అది జీవనజ్యోతి బీమా, నామినీకి 2 లక్షలు వస్తాయి. నాన్నగారికి ఎన్టీఆర్ భరోసా పింఛను ఉంటే, తర్వాత అమ్మగారికి మార్చే వీలుంది, సచివాలయంలో వెంటనే చెప్పండి.

కళ్ళు దానం చేద్దామనుకుంటే 6 గంటల్లోపే తీయాలి. శ్రీకాకుళం రెడ్‌క్రాస్ వాళ్ళు ఇంటికే వస్తారు. వచ్చేదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టి, ఫ్యాను ఆపాలి. మా ఇంట్లో ఈ మాట ఎవరికో గుర్తొచ్చేసరికి సమయం దాటిపోయింది.

అస్థికల విషయంలో మాకు పెద్ద రభసే జరిగింది. కాశీ తీసుకెళ్ళాల్సిందేనని అత్త, దగ్గర్లో శ్రీకూర్మం ఉండగా కాశీ ఎందుకని అమ్మ. చివరికి శ్రీకూర్మం గుడి కోనేరు శ్వేత పుష్కరిణిలో కలిపి, అక్కడే పిండప్రదానం చేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం, ఆటో ఖర్చుతో సహా మూడు వేల లోపే. అత్త ఏడాదిపాటు దెప్పింది. మీ నాన్నగారికి మాట వస్తూ ఉంటే శ్రీకూర్మమా, వంశధార నదా, ఇంకెక్కడైనానా అని ఆయన్నే అడిగి, ఆ మాట అత్తల ముందు అనిపించండి.