ఆ ర్యామ్‌ను ఇక నొక్కకండి

ప్రశ్న: నమస్కారమండీ. మా అన్నయ్య, నేను ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాం. విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకున్నాం: ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్. 4కే వీడియోలు తెరిస్తే మొరాయిస్తోంది. ఈ ప్రాసెసర్‌కు డీడీఆర్5 పనికొస్తుందని చదివి అన్నయ్య 16 జీబీ స్టిక్కు ఒకటి తెప్పించాడు. అది స్లాట్‌లో దిగడం లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే దిగుతుందంటాడు. నొక్కమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ముందు ఆ స్టిక్కును అన్నయ్య చేతిలోంచి తీసుకోండి.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు ఒకటే, పిన్నులు రెండింటికీ 288. కానీ బంగారు రంగు పిన్నుల వరుసలో చిన్న కోత ఒకటి కనిపిస్తుంది చూడండి, అది రెండింటిలోనూ ఒకే చోట ఉండదు. స్లాట్ లోపలి దిమ్మె ఆ కోతలో కూర్చుంటేనే స్టిక్కు దిగుతుంది. తప్పు రకం పెట్టకుండా ఆపడానికే ఆ ఏర్పాటు. డీడీఆర్4కు బోర్డే 1.2 వోల్టులు అందిస్తుంది. డీడీఆర్5 అయితే 5 వోల్టులు తీసుకుని, తన మీదున్న చిప్పుతో 1.1కి తగ్గించుకుంటుంది. బలప్రయోగంతో దించితే విరిగేది స్లాట్, పోయేది మదర్‌బోర్డు.

అన్నయ్య చదివింది అబద్ధమేమీ కాదు, సగం నిజం. 12400 ప్రాసెసర్ రెండు రకాలనూ నడపగలదు. అయితే ఏది పెట్టాలో తేల్చేది మదర్‌బోర్డు. బీ660 బోర్డులు రెండు రకాలుగానూ వచ్చాయి కాబట్టి ఆ పేరు ఒక్కటే చూసి కొనకూడదు. డబ్బా మీద పూర్తి పేరు చివర ‘డీ4’ అనో ‘డీడీఆర్4’ అనో ఉందేమో చూడాలి. మీ బోర్డు ఇప్పటికే డీడీఆర్4తో నడుస్తోంది కాబట్టి మీకు ఆ సందేహం అక్కర్లేదు. కొత్త స్టిక్కును వాపసు చేసేయండి. దానికోసం బోర్డు మార్చే ఆలోచన పెట్టుకోకండి. మీ పనికి ఇప్పుడు కావలసింది వేగం కంటే జాగా.

16 జీబీ స్టిక్కులు రెండు కలిపి ఒకే డబ్బాలో అమ్ముతారు, 3200 వేగంవి. అది తీసుకోండి. ఈ ప్రాసెసర్‌కు డీడీఆర్4లో ఇంటెల్ అధికారికంగా చెప్పిన హద్దు కూడా 3200. లేబుల్ మీద ‘పీసీ4-25600’ అని ఉన్నా అదే. 3200ను 8తో గుణించిన లెక్క. రంగురంగుల లైట్లు వెలిగేవాటికి అదనంగా డబ్బు పెట్టకండి, లైట్లు పెళ్లి పందిట్లో రోజూ చూస్తూనే ఉన్నారు కదా. పైగా వాటి రేకులు ఎత్తుగా ఉండి కొన్ని కూలర్ల కిందికి దూరవు.

పాత 8 జీబీని తీసేయడానికి మనసొప్పదని తెలుసు. అది కూడా ఉంచితే మూడూ కలిసి నడవవచ్చు, నడవకపోనూ వచ్చు. నడిచినా అన్నింటిలోకి నిదానమైనదాని వేగానికే దిగుతాయి. దాన్ని అమ్మేయండి.

స్లాట్‌లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. చాలా బోర్డుల మీద ఎ2, బి2 అని రాసి ఉంటుంది. పక్కపక్క స్లాట్‌లలో పెట్టి, రెండు దారుల్లో నడవాల్సిన ర్యామ్‌ను ఒకే దారికి కట్టేసేవాళ్లను కడపలో చాలామందినే చూశాను. పెట్టేముందు కరెంటు తీగ పీకి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకండి. మన దగ్గర గాలి పొడిబారిన రోజుల్లో ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులకు మంచిది కాదు. కోత సరిగ్గా కుదిరితే రెండు చివరలా బొటనవేళ్లతో సమంగా నొక్కగానే ‘టిక్’మంటుంది.

ఆ తర్వాత బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యేముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేయడం మరవకండి. లేకపోతే 3200కు డబ్బిచ్చి 2133తోనో 2666తోనో కాలం గడుపుతారు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే అసలు వేగం కనిపిస్తుంది.

ప్రశ్న: ఆదోనిలో పాత సామాన్ల దుకాణంలో 32 జీబీ డీడీఆర్4 స్టిక్కు చాలా చవకగా ఇస్తామంటున్నారు. రైజెన్ 5600 ప్రాసెసర్ ఉన్న మా ఇంటి కంప్యూటర్‌లో వేసుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: లేబుల్ చదవండి మాస్టారూ. ‘పీసీ4-2400టీ-ఆర్’ లాంటి అక్షరాలుంటే, చివరి ‘ఆర్’ అది సర్వర్ సరుకని చెబుతుంది. ఇక్కడ కోత కూడా అడ్డుపడదు, స్లాట్‌లో చక్కగా దిగుతుంది, కానీ కంప్యూటర్ లేవదు. అక్కడ ‘యు’ ఉంటే అది మామూలు కంప్యూటర్లదే, బేరమాడండి, దుకాణంలోనే వేసి చూపించమనండి.