నలుగురిలో నోరు పెగలని భయం తగ్గుతుందా? తగ్గుతుంది, నాకు తగ్గింది

అనంతపురంలో బీటెక్ రెండో ఏడు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. క్లాసులో అటెండెన్స్ పిలుస్తుంటే తన నంబరు దగ్గర పడేకొద్దీ గుండె దడదడలాడుతుందట. క్యాంటీన్‌లో నలుగురి మధ్య తినలేడు. చుట్టాల పెళ్లిళ్లకు ఏదో ఒక సాకు చెప్పి ఎగ్గొడతాడు. ఫోన్ మోగితే తీయడు. ఇంట్లో అడిగితే "వానికి సిగ్గు ఎక్కువ, పోతుందిలే" అంటారు. వచ్చే నెల సెమినార్ ఉంది. ఇది సిగ్గా, జబ్బా? మాత్రలు వాడాల్సిందేనా? ఇంట్లో ఎట్లా చెప్పాలి?

తమ్ముడూ, నాకంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నాది కర్నూలు. నువ్వు రాసినవన్నీ నేను ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ చివరిదాకా పడ్డవే. డాక్టరుకు చూపించుకున్నాను, మాత్రలు వాడాను, వాళ్లు చెప్పాకే మానేశాను. ఇప్పుడు రోజంతా మనుషులతో మాట్లాడే ఉద్యోగంలో ఉన్నాను. నేను డాక్టరును కాదు. నాకు జరిగింది, ఆ తర్వాత చదివి తెలుసుకున్నది చెప్తాను.

ముందు సిగ్గు సంగతి. సిగ్గరి పిల్లవాడు కొత్తవాళ్ల ముందు కాసేపు ముడుచుకుని కూర్చుంటాడు, పరిచయం కాగానే కలిసిపోతాడు. మన భయం అట్లా కాదు. నలుగురూ నన్నే చూస్తున్నారు, తప్పు మాట్లాడితే నవ్వుతారు, చేయి వణికితే కనిపెట్టేస్తారు అని వారం ముందు నుంచే మొదలవుతుంది. అయిపోయాక కూడా రాత్రంతా "అట్లా ఎందుకన్నాను" అని తవ్వుకుంటూ కూర్చుంటాం. ఇది ఆరు నెలలకు పైగా ఉండి, చదువుకో స్నేహాలకో ఉద్యోగానికో అడ్డం వస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. ఇదివరకు సోషల్ ఫోబియా అనేవాళ్లు. 1980లోనే అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. చాలామందికి టీనేజ్‌లోనే మొదలవుతుంది. కాబట్టి నీ వయసులో ఇది ఉండటం వింత కాదు. అదే పోతుందిలే అని వదిలేస్తే కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నేను గట్టిగా చెప్పేది ఇదే: ఇప్పుడే పట్టించుకో.

నా సంగతి చెప్తే నీకు అర్థమవుతుంది. సి క్యాంపు నుంచి రాజ్ విహార్ వైపు షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. నేను దిగాల్సిన చోటు వస్తే "ఇక్కడ ఆపన్నా" అనాలి. ఆ రెండు మాటలు గొంతులోనే ఉండిపోయేవి. ఇంకెవరైనా ఆపమంటే వాళ్లతో పాటు దిగి వెనక్కి నడిచేదాన్ని. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోవడం ఇంకో నరకం. ఎదురు వరుసలో వాళ్లు చూస్తున్నారనిపించి చేయి వణికేది, ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. "వదినా, పాప ఏమీ తినలేదు" అని ఎవరో ఒకరు అరిచేవాళ్లు, దాంతో అందరూ నా వైపు తిరిగేవాళ్లు. ఇంజనీరింగ్‌లో ఒక లెక్చరర్ నా యాసను, నా తడబాటును క్లాసు ముందు అనుకరించి నవ్వించాడు. ఆ ఏడాదంతా నేను చివరి బెంచీ వదల్లేదు. మన సీమ పిల్లలు చాలామందికి ఈ గాయం ఉంటుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, కాలేజీలో అంతా ఇంగ్లీషు, హాస్టల్లో మన మాట మీద జోకులు. ఈ జబ్బుకు అదొక్కటే కారణం అనను. పుట్టుకతో వచ్చే స్వభావం ఉంటుంది, ఇంట్లో ఇంకొకరికి ఇట్లాంటి భయం ఉంటే మనకూ వచ్చే అవకాశం పెరుగుతుంది, చిన్నప్పుడు ఎగతాళికి గురై ఉండవచ్చు. అన్నీ కలుస్తాయి. నీ తప్పు మాత్రం అందులో లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ భయాన్ని బతికించేది మన తప్పించుకునే అలవాటు. పెళ్లికి వెళ్లకపోతే ఆ క్షణం ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలుసు. ఆ హాయే మనకు పాఠం నేర్పుతుంది: వెళ్లలేదు కాబట్టి బతికిపోయావు, ఇంకోసారీ వెళ్లకు. వెళ్తే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు.

తప్పించుకోవడమంటే వెళ్లకపోవడం ఒక్కటే కాదు. అక్కడే ఉండి దాక్కోవడం కూడా. ఫోన్‌లోకి తల దూర్చడం, చెప్పబోయే వాక్యాన్ని మనసులో పదిసార్లు అప్పజెప్పుకోవడం, వణుకు కనపడకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, చెమట తెలియకుండా ఎండాకాలంలో కూడా నల్ల చొక్కా వేసుకోవడం, కళ్లలోకి చూడకపోవడం. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఈ భయం ఎట్లా నడుస్తుందో వివరించారు. వాళ్ల మాట నాకు కళ్లు తెరిపించింది. ఈ రక్షణ పనులు మనల్ని కాపాడవు, భయాన్ని కాపాడతాయి. ఏమీ జరక్కపోతే "గ్లాసు గట్టిగా పట్టుకున్నాను కాబట్టి బయటపడ్డాను" అనుకుంటాం. పైగా మన చూపంతా లోపలికే తిరిగి ఉంటుంది: ముఖం ఎర్రబడిందా, గొంతు వణికిందా అని. ఎదుటి మనిషి ఏమన్నాడో సగం వినం. వినకపోతే జవాబు ఎట్లా వస్తుంది?

ఈ అలవాట్లను ఒక్కొక్కటిగా విప్పడమే చికిత్సలో పెద్ద భాగం. దీన్ని సీబీటీ అంటారు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. మాటలతో, అభ్యాసాలతో చేసే చికిత్స. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2013లో డాక్టర్లకు ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు దీనికే మొదటి స్థానం ఇచ్చింది. నన్ను చూసిన డాక్టర్ కూడా మాత్రలతో పాటు దీన్నే చేయించారు.

నాతో ముందు ఒక జాబితా రాయించారు. భయపెట్టే పనులన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయమన్నారు. కొట్టువాడిని రేటు అడగడం ముప్పై. ఆటో ఆపమనడం నలభై. క్లాసులో సందేహం అడగడం డెబ్బై. స్టేజీ మీద మాట్లాడటం వంద. కింది నుంచి మొదలుపెట్టాలి. రైతు బజారుకు వెళ్లి వంకాయల రేటు అడిగి కొనకుండా వచ్చేయడం నాకిచ్చిన పని. చదువుతుంటే చిన్నదిగా అనిపించవచ్చు, ఆ రోజు నా వీపంతా తడిసిపోయింది. వెళ్లే ముందు ఒక కాగితం మీద ఏం జరుగుతుందనుకుంటున్నానో రాసుకోవాలి. "కొనకుండా ఎందుకడిగావని తిడతాడు, చుట్టూ అందరూ చూస్తారు" అని రాశాను. వచ్చాక ఏం జరిగిందో దాని కింద రాయాలి. ఆయన రేటు చెప్పి పక్క మనిషికి తూకం వేసుకుంటున్నాడు. నన్ను గమనించనే లేదు.

నీకు పాతూరు మార్కెట్ ఉంది, టవర్ క్లాక్ ఉంది, సప్తగిరి సర్కిల్ ఉంది. దారి తెలిసినా ఎవరినైనా అడుగు. హోటల్లో ఉగ్గాని తింటూ "అన్నా, ఇంకో బజ్జీ" అని గొంతెత్తి అడుగు. మెడికల్ షాపులో చిల్లర సరిపోలేదని చెప్పు. రెండు సంగతులు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి, దాక్కునే పనులు మానేసి వెళ్లాలి. ఫోన్ జేబులో ఉండాలి, చూపు ఎదుటి మనిషి మీద ఉండాలి. రెండోది, భయం పెరగగానే వచ్చేయకూడదు. భయం ఒక హద్దు దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. నువ్వు అక్కడే ఉంటే నెమ్మదిగా దిగడం మొదలవుతుంది. దిగేదాకా ఉండు. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు, అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తే మార్కులు తగ్గుతాయి. మధ్యలో బాగా గడ్డుగా ఉన్న వారాలు వస్తాయి, నాకూ వచ్చాయి. అప్పుడు ఒక మెట్టు దిగి చేయి, ఆపవద్దు.

"ధైర్యం వచ్చాక వెళ్తాను" అని మాత్రం కూర్చోకు. ధైర్యం ముందు రాదు. భయంతోనే వెళ్లాలి, వెళ్లాక తగ్గుతుంది. ఈ మాట నేను నూటికి నూరు పాళ్లు నమ్ముతాను.

మాత్రల సంగతి. అందరికీ అవసరం లేదు. కానీ మన జిల్లాల్లో సీబీటీ చేసేవాళ్లు అన్ని చోట్లా దొరకరు, భయం మరీ ఎక్కువగా ఉంటే అభ్యాసాలు మొదలుపెట్టడానికే ఒళ్లు సహకరించదు. అప్పుడు మాత్రలు ఆసరా. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి ఎక్కువగా రాస్తారు. ఇవి మత్తుమందులు కావు, అలవాటుగా మారే వ్యసనమూ కాదు. వేసుకున్న రోజే పని చేయవు, కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో వికారం, కడుపులో తిప్పడం, నిద్ర తేడా ఉండవచ్చు. పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో అశాంతి పెరగడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం జరగవచ్చు. అట్లా అనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, ఇంట్లో ఒకరికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. బాగుందని హఠాత్తుగా ఆపేయకూడదు, తల తిరగడం, చిరాకు వస్తాయి. బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడించి మెల్లగా తగ్గిస్తారు.

మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలమ్ లాంటివి తెచ్చుకోవద్దు. అవి గంటలో హాయినిస్తాయి, అలవాటు పడితే వదిలించుకోవడం కష్టం. సీనియర్లు "ఒక పెగ్గు వేస్తే టెన్షన్ ఉండదు" అంటారు. ఈ భయం ఉన్నవాళ్లు మందుకు బానిసయ్యే ప్రమాదం మామూలు వాళ్ల కంటే ఎక్కువ. దయచేసి ఆ దారికి పోవద్దు. సెమినార్ ముందు వేసుకునేందుకు ప్రొప్రనలాల్ అని ఒక మాత్ర గురించి కూడా వింటావు. అది గుండె దడను, వణుకును తగ్గిస్తుంది, లోపలి భయాన్ని కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మీ ఊరి మెడికల్ కాలేజీకి అనుబంధం, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో కూడా ఉంది. నేను ఓపీ చీటీ రాయించుకుని లైన్‌లో నిలబడ్డప్పుడు తెలిసినవాళ్లు చూస్తారేమో అని చచ్చేంత భయపడ్డాను. ఆ లైన్‌లో నిద్ర పట్టని ముసలివాళ్లు, తలనొప్పి వాళ్లు, పరీక్షల టెన్షన్ పిల్లలు, అందరూ ఉన్నారు. డాక్టర్ థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు. థైరాయిడ్ ఎక్కువగా పని చేసినా దడ, వణుకు వస్తాయట. ఇంకో సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు నీకుంది. కాలేజీకి ఎవరూ చెప్పరు. ఆసుపత్రికి ఇప్పుడే వెళ్లలేకపోతే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, దాని నంబరు 14416 కి ఫోన్ చేయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ అంటేనే భయమని రాశావు. మొదటిసారికి రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదివెయ్, ఫర్వాలేదు.

ఇంట్లో చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైంది. మా అమ్మ "దిష్టి తగిలింటాది" అని ఉప్పు మిరపకాయలు తిప్పింది, దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. నేను వద్దనలేదు. అది ఆమె ప్రేమ, దాంతో ఆమెకు మనసు కుదుటపడింది. ఆసుపత్రి మాట ఎత్తగానే "పిచ్చోళ్ల డాక్టరా, రేపు పెళ్లి సంబంధాలు ఎట్లా" అని ఏడ్చింది. నేను జబ్బు పేరు చెప్పడం మానేసి, ఒంటికి ఏం జరుగుతుందో చెప్పాను: అమ్మా, గుండె దడ వస్తోంది, చెమటలు పడుతున్నాయి, తిండి దిగడం లేదు, పరీక్షల్లో వైవా పోతోంది. అది ఆమెకు అర్థమైంది. రెండోసారి ఆసుపత్రికి తనే తోడు వచ్చింది. మీ ఇంట్లో ఎవరు కాస్త వింటారో చూసుకో. అమ్మ కాకపోతే మేనమామ, కాకపోతే అక్క. ఒక్కరు చాలు. ఎవరూ వినకపోయినా నీకు పద్దెనిమిదేళ్లు దాటాయి, నువ్వే వెళ్లొచ్చు.

ఇక సెమినార్. ఒక్క నెలలో భయం మొత్తం పోదు, పోవాల్సిన అవసరమూ లేదు. రేపే సెమినార్ చూసే లెక్చరర్‌ను ఒంటరిగా కలిసి, మాట్లాడటంలో ఇబ్బంది ఉందని, ముందు వరుసలో ఎవరినైనా తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుంటానని చెప్పు. చాలామంది ఒప్పుకుంటారు. స్లైడ్లను ఒక స్నేహితుడి ముందు చెప్పు, తర్వాత ముగ్గురి ముందు. ఒకసారి ఫోన్‌లో వీడియో తీయించుకో. చూసేముందు ఎంత వణికావనుకుంటున్నావో రాసిపెట్టుకుని, తర్వాత పరాయివాడిని చూస్తున్నట్టు చూడు. లోపల అనిపించినదానిలో పావు వంతు కూడా బయటికి కనపడదు, నేను నా వీడియో చూసి నమ్మలేకపోయాను. సెమినార్ రోజు మొదటి వాక్యం మెల్లగా చెప్పు, మధ్యలో ఆగిపోతే నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టు.

ఓపీ పొద్దున పూటే ఉంటుంది. ఆధార్ కార్డు, ఫోన్ దగ్గర పెట్టుకుని తొందరగా వెళ్లు. వెళ్లొచ్చాక డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి, చూస్తాను.