కగెయామా, ఒయికావా: మెరుగైన సెట్టర్ ఎవరు?

‘హైక్యూ’ అనే జపాన్ వాలీబాల్ కామిక్ (మాంగా) అభిమానులు తెగ వాదించుకునే ప్రశ్న ఇది. స్పైకర్ బలంగా కొట్టడానికి బంతిని గాలిలోకి ఎత్తి అందించేవాడే సెట్టర్, ఆ అందింపే టాస్. బంతిని అనుకున్న చోట పెట్టడంలో కగెయామాదే పైచేయి. స్పైకర్లను చదవడంలో మాత్రం ఒయికావాయే గురువు.

మిడిల్ స్కూల్ ఆఖరి మ్యాచ్‌లో కగెయామా టాస్‌కి ఒక్కరూ ఎగరలేదు. బంతి ఖాళీ నేల మీద పడింది, కోచ్ అతన్ని బెంచి మీద కూర్చోబెట్టాడు. అతనికి పడ్డ ‘కోర్టు రాజు’ అనే పేరు పొగడ్త కాదు, నియంత అనే తిట్టు. స్పైకర్‌కి అందని వేగంతో టాస్ వేసి, తప్పు స్పైకర్‌దే అనుకునేవాడు.

హైస్కూల్లో కగెయామా జట్టు స్పైకర్ హినాటా మొదట్లో కళ్లు మూసుకునే కొట్టేవాడు. అతను కోరిన టాస్ ఇస్తున్నావా అని కగెయామాని నిలదీసింది ఒయికావాయే. ఇది చాలామంది మరిచిపోతారు. ఆ తర్వాతే కగెయామా, హినాటా చేతి ఎత్తు దగ్గర వేగం తగ్గి కిందికి జారే టాస్ సాధన చేశాడు. దాంతో హినాటాకి గాలిలోనే చూసి కొట్టే వీలు దొరికింది.